సత్తెనపల్లిలో అంతర్జాతీయ కాఫీ

సత్తెనపల్లి వాళ్లకు కాఫీ తాగడం రాదన్న నింద 2007 మార్చిలో తొలగిపోయింది. హైదరాబాదు కంపెనీ ఒకటి గుంటూరు రోడ్డులో ఏసీ కాఫీ దుకాణం తెరిచింది. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి, నేటితో మన ఊరు ప్రపంచపటంలోకి ఎక్కిందని ప్రకటించారు. డాక్టరు వద్దన్నాడని ఆయన కాఫీ మాత్రం ముట్టలేదు. ఆ వార్త పేపరుకు రాసింది నేనే. ‘అంతర్జాతీయ ప్రమాణాలు’ అన్న మాట మూడుసార్లు వాడాను. కంపెనీ ఇచ్చిన కాగితంలో అది రెండుసార్లే ఉంది.

అంతకుముందు ఊళ్లో కాఫీ లేదని కాదు. బస్టాండు ఎదుట ఎలీషా కాఫీ హోటలు ఉండేది. ఎలీషా కాఫీ చాలా బాగుంటుందని మా మిత్రబృందమంతా ఒప్పుకునేది. తాగినవాళ్లు మాత్రం మాలో లేరు. పత్తి వ్యాపారి బుల్లయ్యగారికి అక్కడి బల్లలు ఎత్తు. ప్లీడరు కోటేష్‌గారికి అక్కడ సాయంత్రం ఎండ మొహాన కొడుతుంది. ఆయన కాఫీ తాగేది పొద్దున. నాకు బస్సుల హారన్లు పడవు. మా ఇల్లు బస్టాండు వెనకే. ఎలీషా ఆదివారం హోటలు కట్టేసి చర్చికి వెళ్లేవాడు. ఊరి చివర పేటలో ఉండేవాడు. ఈ రెండు సంగతులూ చిరునామా కోసం రాస్తున్నాను, మరే ఉద్దేశమూ లేదు.

కొత్త దుకాణం మా ఇబ్బందులన్నీ తీర్చింది. అక్కడి సోఫాలో బుల్లయ్యగారు కూర్చుంటే లేవడానికి ఇద్దరు చెయ్యి అందించాలి. కోటేష్‌గారు నడి వేసవిలో శాలువా కప్పుకుని వచ్చేవారు. పట్టికలో పేర్లు నోరు తిరగవు కాబట్టి వేలితో చూపించేవాళ్లం. ఒకరోజు వేలు కాస్త జరిగి, ఐసుగడ్డల మీద నురగ పోసిన పదార్థం వచ్చింది. బాగుందన్నాం. బాగాలేదని చెప్పాలంటే దాని పేరు పలకాలి.

మామూలు కాఫీ మాత్రం నిజంగానే బాగుండేది. నల్ల టోపీ పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకున్న అమ్మాయి ఒకతె కలిపేది. మమ్మల్ని చూడగానే ‘గుడీవినింగ్ సర్’ అనేది.

“ట్రైనింగంటే అదీ,” అన్నారు బుల్లయ్యగారు ఒకనాడు. “మనూరోళ్లకి ఎన్నేళ్లు కలిపినా ఆ చెయ్యి వస్తదంటావా?”

రాదని నేను అన్నాను. వృత్తిరీత్యా రూఢి చేసుకోకుండా ఏదీ చెప్పను, ఆ రోజు చెప్పాను.

కాలేజీ పిల్లలూ మా దారే పట్టారు. ఏప్రిల్లో ఎలీషా హోటలు మూతపడింది. స్థానిక వ్యాపారాలను కాపాడుకోవలసిన బాధ్యత గురించి నేను పేపరుకు వ్యాసం రాశాను. ఏసీలో కూర్చుని రాశాను. ఎండలో ఆవేశం ఎక్కువై సమతూకం చెడుతుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఎలీషా క్యారేజీ పట్టుకుని లోపలికి వచ్చాడు. తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

“ఇంత ఎండలో ఎందుకొచ్చావు నాన్నా?” అంది టోపీ అమ్మాయి.

ఆ అమ్మాయి గుండెల మీద బిళ్ల ఉందనీ, దాని మీద స్తుతి అన్న పేరు ఉందనీ అప్పుడు చూశాం.

“మీ అమ్మాయా ఎలీషా?” అన్నాను.

“చిన్నదండీ. మన హోటల్లోనే నేర్చుకుంది. ఇప్పుడు ఇల్లు దాని జీతం మీదే నడుస్తుందండీ.”

బుల్లయ్యగారు కప్పు కింద పెట్టారు. సగం కాఫీ అందులోనే ఉంది.

మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది.

“కాఫీలో ఏదో తేడా వచ్చిందయ్యా,” అన్నారు బుల్లయ్యగారు.

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“నిన్నట్నుంచి. నీకనిపించలా?”

నాకూ అనిపించింది. అందరికీ అనిపించింది. మేనేజరు చైతన్యకృష్ణ దగ్గరికి ప్రతినిధివర్గంగా వెళ్లాం. కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. పొడి అదే, పాలు అవే, మిషను అదే అని చూపించాడు.

“మనిషి వల్ల తేడా అనిపిస్తే కారణం రాసి సంతకాలు పెట్టండి సార్. ఇవాళే తీసేస్తాం. కస్టమరే మాకు ముఖ్యం,” అని తెల్లకాగితం ముందుంచాడు.

స్తుతి కౌంటరు వెనక కప్పులు తుడుస్తోంది. తుడిచిన కప్పునే మళ్లీ తుడుస్తోంది.

కాగితం బుల్లయ్యగారి నుంచి నా దగ్గరికి వచ్చింది. “నువ్వు రాయవయ్యా, నీకు అలవాటేగా,” అన్నారు. ఊళ్లో జరిగిన ప్రతిదానికీ కారణం రాసి బతికినవాణ్ని. పెన్ను మూత తీశాను. కారణం అందరికీ తెలుసు, వాక్యం మాత్రం ఎటు తిప్పినా కుదరలేదు. కోటేష్‌గారు నా చెవి దగ్గరికి వంగి, అది కాగితం మీద పెడితే బెయిలు కూడా దొరకదని ఉచితంగా సలహా ఇచ్చారు. పెన్ను మూత పెట్టేశాను. ఆ విధంగా మా విశాల హృదయం వల్ల ఒక ఆడపిల్ల ఉద్యోగం నిలిచింది.

ఇక కాఫీ సంగతి. మానెయ్యడానికి లేదు, ఎందుకు మానేశారని ఊరు అడుగుతుంది. మార్గం బుల్లయ్యగారే కనిపెట్టారు. దుకాణంలో పార్సిలుకు కాగితం కప్పులుంటాయి. తాగాక పారేస్తారు.

“కలిపేది ఆ అమ్మాయేగా?” అన్నాను.

“కలిపితే కలిపింది. కప్పు వేరేగా,” అన్నారాయన. ఇంత సూక్ష్మమైన తర్కం నేను కోర్టులో కూడా వినలేదు.

అయితే పార్సిలు తీసుకున్నవారు బల్లల దగ్గర కూర్చోకూడదని కంపెనీ నిబంధన. అందువల్ల మే నెల ఎండలో, సత్తెనపల్లి పట్టణ ప్రముఖులం దుకాణం బయట, గోడవారగా వరసగా నిలబడి కాగితం కప్పుల్లో కాఫీ తాగడం మొదలుపెట్టాం. పోయేవాళ్లు చూస్తుంటే ఇది విదేశీ పద్ధతి అని చెప్పాం.

మూడో రోజు ఎలీషా క్యారేజీ తెచ్చాడు. అద్దం అవతల సోఫాలో కూర్చుని కూతురు ఇచ్చిన పింగాణీ కప్పులో కాఫీ తాగాడు. తాగి, తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

“లోపలికి రండయ్యా, ఎండ మండిపోతుంది.”

“పర్లేదులే ఎలీషా. గాలి బాగుంది,” అన్నారు బుల్లయ్యగారు. ఆకు కదలడం లేదు.

ఎలీషా మా కప్పుల వంకా, మా కాళ్ల వంకా చూశాడు.

“చిన్నప్పుడు మా ఊరి హోటలు ముందు మేం ఇట్టాగే నిలబడి తాగేవోళ్లమండీ. మా గ్లాసులు వేరే పెట్టేవోళ్లు. మాకంటే అలవాటు. మీకు కాళ్లు లాగుతయ్యి,” అన్నాడు.

ఆ మాటలో న్యాయం ఉందని అందరం గుర్తించాం. ఆ సాయంత్రమే కంపెనీకి వినతిపత్రం పంపాం. దుకాణం ముందు మా కోసం ఒక బెంచీ వేయించమన్నాం. లోపల సోఫాలు ఖాళీగా ఉన్నాయి కదా అని జవాబు వచ్చింది. హైదరాబాదు వాళ్లకు ఊళ్ల సంగతి తెలియదు. బెంచీ బయటే కావాలని మళ్లీ రాశాం. ఊళ్లో చదువుకున్నవాళ్లందరూ సంతకాలు పెడుతున్నారు. కాగితంలో ఇంకా చోటుంది. మీ పేరు ఎక్కడ రాయమంటారు?