ఒకే ఇంటి నుంచి నాలుగు చెవి చీటీలు

"ఈ నెల కూడా పేరు రాకపోతే పిల్ల జన్మంతా చెవిటిదైపోతుందేమోనండీ!" పొద్దున్నే భర్తను కుదిపి లేపింది తల్లి.

ఆరేళ్ల చిట్టికి ఎంత అరిచినా వినపడటం లేదు. ఆరోగ్య కేంద్రానికి చెవి డాక్టరు నెలకొక్క రోజే వస్తాడు. డబ్బాలో చీటీలు వేస్తే లాటరీ తీసి ఇరవైమందిని పిలుస్తారు. రెండు నెలలుగా చిట్టి చీటీ రాలేదు. అందుకని ఈసారి చిట్టితోపాటు తన పేర, భర్త పేర, అత్తగారి పేర కూడా చీటీలు వేసేసింది. ఎవరిది వచ్చినా ఆ వంతులో పిల్లను చూపించవచ్చు కదా!

ఒకే ఇంట్లో ముగ్గురికి మించి ఒకే జబ్బు ఉందంటే ఆరోగ్య కార్యకర్త వెంటనే ఆ ఇంటికి వెళ్లి చూడాలన్న నియమం పాపం ఆమెకు తెలియదు.

చీటీలు చూసి గంటలోనే కార్యకర్త వచ్చి, తలుపు తీసిన అత్తగారి చెవి దగ్గర గట్టిగా అరిచింది. "మామ్మగారూ! ఎన్నాళ్లనుంచి వినపడట్లేదూ?"

"నా చెవులకేమైందే? నీకే వినపడదేమో, అలా అరుస్తున్నావ్!" అత్తగారు అంతకన్నా గట్టిగా అరిచింది.

వీధంతా బయటికొచ్చింది.

"ఇంట్లో నలుగురికీ చెవులు పోయాయట!"

"నీళ్లలోనే ఏదో ఉంది వదినా. నా చెవిలోనూ పొద్దుట్నుంచి ఒకటే హోరు!"

పదకొండయ్యేసరికి కేంద్రం ముందు ఎనభై ఆరుగురు. డబ్బా మూత పడలేదు. నర్సమ్మ పై ఆఫీసుకు ఫోను చేస్తే మరో ఇద్దరు డాక్టర్లు వ్యానులో దిగారు. లాటరీ రద్దు, అందరినీ చూస్తామన్నారు.

తల్లి జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. "నర్సమ్మగారూ, తప్పు నాదే. మా ముగ్గురికీ ఏం లేదు. నన్ను జైల్లో వేస్తారా?"

"వేస్తే పిల్లను ఎవరు చూస్తారు? కూర్చోండి. ఇప్పటిదాకా చూసిన నలభైమందిలో పదిహేనుమందికి నిజంగానే చెవులు బాగాలేవు. నెలకొక్క రోజు చాలదని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఈ లెక్క చూశాక వారం వారం పంపిస్తామన్నారు. మీ మూడు చీటీలు మాత్రం కొట్టేస్తాను."

చిట్టి రెండు చెవుల్లోంచీ రాయిలా గట్టిపడ్డ గుబిలి బయటికొచ్చింది. డాక్టరు ఇంకా దీపం వేసి లోపలికి చూస్తూనే ఉన్నాడు. తల్లి వెనక నిలబడి మెల్లగా పిలిచింది. "చిట్టీ..."

జవాబు లేదు.

"చిట్టీ!" ఈసారి కాస్త గట్టిగా పిలిచింది. అయిపోయింది, ఇక ఈ పిల్లకు వినపడదు అనుకుంది.

డాక్టరు దీపం ఆర్పాడు. చిట్టి వెనక్కి తిరిగింది.

"మొదటిసారే వినపడిందమ్మా. కదిలితే మళ్లీ మొదట్నుంచి చూస్తానన్నారు డాక్టరుగారు!"