ఇంటికొక లైసెన్సు

ఆ పొద్దున పెంచల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మాథ్యూ దొర డ్రైవింగ్ టెస్టు తప్పాలి, మధ్యాహ్నం భోజనం వేళకు ఇద్దరూ నెల్లూరు నుంచి కృష్ణపట్నం వచ్చేయాలి. అంతకుమించి అతనికి ఏ దురాశా లేదు.

మాథ్యూది ఆస్ట్రేలియా. కృష్ణపట్నం దగ్గర థర్మల్ ప్లాంటులో ఇంజనీరు. పెంచల్ ఆయన కారు డ్రైవరు. సముద్రం చూడాలనిపించినప్పుడల్లా డ్రైవరును బతిమాలడమేమిటని, తన కారు తానే నడుపుకుంటానని దొర పట్టుబట్టాడు. ఆయనకు లైసెన్సు వచ్చిందంటే పెంచల్ మళ్లీ అల్లూరు పోయి రొయ్యల గుంటల్లో మేత చల్లుకోవాల్సిందే. ఆ దిగులుతో పాపం అతనికి అన్నం సయించడం లేదు.

ఇన్నాళ్లూ ఆర్టీవో ఆఫీసే అతణ్ణి కాపాడుకుంటూ వచ్చింది. చిరునామాకు రుజువుగా కరెంటు బిల్లు తెమ్మన్నారు. ప్లాంటు క్వార్టర్సులో కరెంటు ఉచితం, బిల్లే రాదు. ఊళ్లకు ఊళ్లకే కరెంటు తయారుచేసి పంపే మనిషి, తన ఇంట్లో దీపం వెలుగుతోందని రుజువు చూపలేకపోయాడు. పోనీ గ్యాసు బిల్లన్నారు. ఆయన తినేది క్యాంటీన్లో. వెళ్లిన ప్రతిసారీ పెంచల్ మొహం వేలాడేసుకుని కారు వెనక్కి తిప్పేవాడు, లోపల ఈల వేసుకునేవాడు. అయితే మాథ్యూ మొండిఘటం. తిరిగి తిరిగి చివరికి, బండి నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్లెల్లార్ సంపాదించాడు.

ఇక్కడి పద్ధతులు నేర్పే పని పెంచల్ మీదే పడింది. డ్రైవింగు వచ్చిన మనిషికి అది రాకుండా చేయడమే తన ధర్మమనుకున్నాడు. హారన్ మీంచి చెయ్యి తీయకూడదన్నాడు. ఇండికేటర్ వేస్తే వెనకవాడు చిన్నబుచ్చుకుంటాడన్నాడు. మలుపు తిరిగేటప్పుడు చెయ్యి కిటికీలోంచి పెట్టి గాలిలో ఊపాలన్నాడు. మాథ్యూ బుద్ధిగా అన్నీ నేర్చుకున్నాడు.

తీరా టెస్టు దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కరుణాకుమారి మాథ్యూను వదిలేసి పెంచల్ వైపు తిరిగింది.

"పక్కన లైసెన్సు ఉన్నోళ్లు కూర్చోవాల. నీది చూపించు."

పెంచల్ ఖాళీ జేబు తడుముకున్నాడు. వాళ్ల ఇంట్లో లైసెన్సు ఒక్కటే. రేషన్ కార్డు ఇంటికొకటి ఇచ్చినట్టే లైసెన్సూ ఇంటికొకటి ఇస్తారని వాళ్ల నాయన చెప్పాడు, ఇంటిల్లిపాదీ నమ్మారు. పెంచలకోన స్వామికి మొక్కుకుని కన్న పిల్లలు గనుక అన్న పెద్ద పెంచల్, తమ్ముడైన ఇతను చిన్న పెంచల్. పనిలో పెట్టుకునేటప్పుడు కంపెనీవాళ్లు కార్డు మీది పేరు చూశారు, మీసం చూశారు, సరేనన్నారు. ముందు లేచినవాడు తలుపు పక్క మేకుకు తగిలించిన ఆ కార్డు జేబులో వేసుకుని పోతాడు. ఈ పొద్దున అన్న ముందు లేచాడు.

పెంచల్ పక్కకు పోయి ఫోన్ చేశాడు. పెద్ద పెంచల్ అప్పుడే రొయ్యల లారీతో బైపాస్ మీద ఉన్నాడు. తమ్ముడు కష్టంలో ఉన్నాడంటే ఆగే మనిషి కాదు. ఐసు నీళ్లు కార్చుకుంటూ లారీని ఏకంగా టెస్టు మైదానంలోకే తెచ్చి నిలిపాడు. దిగి, మేడమ్ ఎదురుగానే కార్డు తమ్ముడి చేతిలో పెట్టాడు.

"పని కాంగానే ఇచ్చెయ్ అబ్బయ్యా. కావలి కాడ ఆపితే నేను చూపించాల."

కరుణాకుమారి ఆ కార్డు లాక్కుని ఫొటో చూసింది. ఫొటోలో మీసం ఉంది. ఎదురుగా రెండు మీసాలున్నాయి.

"ఇది మీ ఇద్దర్లో ఎవురిది?"

"మా అందరిదీ మేడమ్," అన్నాడు పెద్ద పెంచల్, దాచాల్సిందేముందన్నట్టు. "రోజా స్కూటీ తీసినప్పుడు కూడా ఇదే."

రోజా అంటే చిన్న పెంచల్ భార్య. కరుణాకుమారి కాసేపు మంచినీళ్లు తాగింది. తర్వాత కార్డు అసలు మనిషికిచ్చి లారీని పంపేసింది. చిన్న పెంచల్ స్టీరింగు ముట్టుకుంటే లోపల వేయిస్తానని చెప్పి, మాథ్యూ పక్కన తన గుమాస్తాను కూర్చోబెట్టింది.

ఇంక దొర తప్పడమే మిగిలిన ఆశ. మాథ్యూ హారన్ మోగిస్తూనే బయల్దేరాడు. మలుపులో చెయ్యి బయటపెట్టి ఊపాడు. ట్రాక్ మీద పడుకున్న కుక్క లేచి పోయింది, ఎదురొచ్చిన ఆటో తప్పుకుంది. కరుణాకుమారి ఇండికేటర్ సంగతి అడగబోయి మానుకుంది.

"ఈయన మనూళ్లో బతకతాడు," అని పాస్ చేసేసింది.

తిరుగు ప్రయాణంలో మాథ్యూ కారు నడిపాడు. పెంచల్ వెనక, దొర కూర్చునే చోట, ఏడుపు మొహంతో కూర్చున్నాడు. కృష్ణపట్నం రోడ్డు మీద బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. మిగతా సగంలో బర్రెలు నడుస్తున్నాయి, వాటి మధ్య ఒక ట్రాక్టరు ఎదురు వస్తోంది. ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీవాడు అలవాటుగా వెనక సీటుకు సెల్యూట్ కొట్టాడు. మాథ్యూ కారు దిగాడు. చెమట తుడుచుకుని, ఈ దేశంలో ఇక స్టీరింగు ముట్టనని, నువ్వు సొంత పేరున ఏదో ఒక కాగితం తెచ్చుకునేదాకా కారు షెడ్డులోనే ఉంటుందని చెప్పాడు. పెంచల్‌కు ఆ పూట అన్నం సయించింది.

కరెంటు బిల్లు ఉన్న ఇల్లు గనుక పెంచల్‌కు ఎల్లెల్లార్ ఇట్టే వచ్చింది. ఇప్పుడు కారుకు ముందూ వెనకా ఎర్ర ఎల్ అంటించి ఉంది. నేర్చుకునేవాడి పక్కన లైసెన్సు ఉన్నవాడు ఉండి తీరాలి. డ్రైవరు లేకుండా తిరగాలని బయల్దేరిన మాథ్యూ, ఇప్పుడు డ్రైవరు పెట్రోలు పోయించుకోవడానికి పోయినా వెంట పోతున్నాడు.