తుప్పెరగని ఉలి

చెక్కపనిలో ఆరితేరాలనుకునేవారికి నా మొదటి సలహా: చెక్కను ముట్టుకోకండి!

నవ్వకండి. చెక్కలో తేమ ఉంటుంది. చేతికి చెమట ఉంటుంది. ఈ రెంటి మధ్యా ఉక్కును పెడితే ఏమవుతుంది? తుప్పు! పనిముట్టుకు అసలు శత్రువు పనే. మా కనజావా ఊరి వడ్రంగుల్లో ఒక్కరికీ ఈ చిన్న సంగతి తలకెక్కదు.

ఇక్కడి వానల్ని అందరూ తిడతారు. నేను మాత్రం వరమంటాను. వానలే లేకపోతే, రిటైరై ఇంట్లో కూర్చున్న నాలాంటివాడు పొద్దస్తమానం ఏం చేస్తాడు? ఖర్మ కాలి ఏ బల్లో కుర్చీయో చేయాల్సి వచ్చేది! ఇప్పుడా బెంగ లేదు. పొద్దున్నే ఉలులన్నీ తుడిచి, త్సుబాకి పూలచెట్టు గింజల నూనె రాసి, నూనె కాగితంలో చుట్టి పడుకోబెడతాను. రంపాల దగ్గరికొచ్చేసరికి సాయంత్రమవుతుంది.

ఆ నూనె మా ఆవిడ హరుయో తలకు రాసుకోవడానికి తెచ్చుకున్నది. కొంత త్యాగం తప్పదు కదా! ఆమె జుట్టు చీపురులా తయారైన మాట నిజమే. కానీ నా ఉలుల్లో మొహం చూసుకోవచ్చు! బట్టలారేచోట ఉండే తేమ పీల్చే మిషను కూడా నా షెడ్డులోకి మారింది. మా చొక్కాలు ముక్కిపోయిన కంపు కొడతాయి, పనిముట్లు కొట్టవు. షెడ్డు చూడ్డానికొచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టాలి. ఊపిరిలో ఎంత తేమ ఉంటుందో తెలుసా మీకు?

ఇంత కట్టుదిట్టం చేశాక, మొన్న ఇంట్లోనే ద్రోహం జరిగింది.

మా గుమ్మంలో చెప్పులు విడిచేచోటు బాగా పల్లం. హరుయో మోకాళ్లు అరిగిపోయాయి. గోడ పట్టుకుని, పంటి బిగువున దిగుతుంది. పోయిన చలికాలం జారి పడింది కూడా. అక్కడ ఓ చిన్న మెట్టు చేసిపెట్టమని ఎప్పటినుంచో అడుగుతోంది. నేనేమీ ఊరుకోలేదు. మంచి చెక్క పలక కొన్నాను, గీత గీశాను. గీత మీద రంపం పెట్టడమే మిగిలింది. వానలు తగ్గనీ అన్నాను.

మొన్న నూనె కొనుక్కొచ్చేసరికి గుమ్మంలో మెట్టుంది! పక్కింటి ఇసోబె గారు ఆ పలకనే తన తుప్పు రంపంతో కోసి బిగించారట. ఒక కాలు పొట్టి. దాని కింద ఏదో దూర్చారు. వంగి చూస్తే, నూనె కాగితంలో చుట్టిన నా ఉలి! అన్నిట్లోకీ మంచిది!

"హరుయో! గొడుగుల నీళ్లు కారేచోట నా ఉలి పెడతావా? తియ్యి!"

"దాని మందమే సరిపోయిందండీ. తీస్తే మెట్టు ఊగుతుంది, నేను పడతాను. తీసేయమంటారా?"

ఉలి మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మీ భయం తుప్పుకి కాదులెండి," అంది చెప్పులు వెతుక్కుంటూ. "గీత తప్పి కోస్తానేమోనని. ఇసోబె గారు తప్పే కోశారు. నేను దిగడం లేదూ?"

కాబట్టి పాఠకులారా, ఇప్పుడు రోజూ పొద్దున్నే గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, కాగితంలోంచి బయటికి కనబడే ఆ ఉలి కొసకు ఉన్నచోటే నూనె రాస్తున్నాను. సరిగ్గా అప్పుడే హరుయో బజారుకు బయల్దేరుతుంది. నా భుజం మీద చెయ్యి ఆనించి దిగుతుంది. ఆ చేతికి చెమట ఉంటుంది. తుడుచుకుని రమ్మని చెప్పాలనుకుంటూనే ఉన్నాను. ఇంకా చెప్పలేదు.