సర్వేశ్వరరావు టైటిల్ పాలసీ

అరకు సంత వీధిలో కిరాణా కొట్టు నడిపే సర్వేశ్వరరావుని ఊరంతా 'సర్వేరావు' అనేవారు. రోజూ సాయంత్రం కొట్టు భార్య గంగాభవానికి అప్పజెప్పి, ఊరి చివర గిరిజన రైతు బుధు పొలం దాకా నడిచేవాడు. అక్కడ వాలులో నిలబడి, ఇక్కడ వంటిల్లు, అక్కడ వసారా అంటూ గాల్లో చేతులు చాపి కొలుచుకునేవాడు. పాపం, ఇంకే వ్యసనమూ లేదు.

పెళ్ళైన ఏడాదే విజయనగరం వైపు నుంచి వచ్చారు మొగుడూ పెళ్ళాలు. అప్పట్నించీ కొట్టు వెనక గదిలోనే కాపురం. ఆ గదికి కిటికీ లేదు. లోకమంతా టిక్కెట్టు కొనుక్కుని వచ్చి ఆ కొండల్ని చూసిపోతుంటే, మంచం మీంచి అతనికి కనబడేది కిరసనాయిలు పీపా.

రెండువేల మూడో సంవత్సరం వానల్లో బుధు ఆ వాలులో చిన్న ముక్క అమ్ముతానన్నాడు. ఏజెన్సీలో కొండవాళ్ళ భూమి బయటివాళ్ళు కొనకూడదని చట్టం ఉంది. ఆ సంగతి అరకు స్టేషన్లో తిరిగే కోతులక్కూడా తెలుసు. సర్వేశ్వరరావుకీ తెలుసు. తెలిసే తెల్లకాగితం మీద రాయించుకుని, బయానా ఇచ్చాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

కానీ గుండెల్లో దడ. ఆ దడకి మందులా దొరికాడు విశాఖపట్నం నుంచి వచ్చే బీమా ఏజెంటు వంశీ.

"టైటిల్ ఇన్సూరెన్సని కొత్తది రాబోతోందండీ. టైటిలంటే భూమి మీద హక్కు. మీరు కొన్న జాగాలో ఇల్లు కట్టుకున్నాక ఎవడైనా వచ్చి ఇది నాదంటే, నష్టం కంపెనీ భరిస్తుంది."

అంతే, సర్వేశ్వరరావుకి సొంతింటివాడి నడక వచ్చేసింది.

"ఏటి ఆ గుసగుసలు?" అంది గంగాభవాని, వంశీ వెళ్ళగానే.

"టై... టైల్సు ఇన్సూరెన్సే."

"మనది సిమెంటు గచ్చు కదేటి?"

"రేపెప్పుడైనా ఏయిస్తే?"

"ఏయించినప్పుడు సూద్దాం. ముందు గోడకో కిటికీ పెట్టించండి."

కిటికీ అనగానే అతనికి మనసు కలుక్కుమంది. చెప్పేద్దామనుకున్నాడు. మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా శనగపప్పు బేరం వచ్చింది.

శుక్రవారం సంత. గంగాభవాని కొట్టు వదిలి కదలదు కదా అని, అదే రోజు శంకుస్థాపన పెట్టుకున్నాడు. గునపం, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకుని వంశీని వెంటేసుకుని బయల్దేరాడు. దారిలో వంశీ అడిగాడు.

"రిజిస్ట్రేషన్ అయిందాండీ?"

"కాలేదు."

"పట్టా?"

"బుధు పేరున ఉంది."

"మీ పేరుకి ఎప్పుడు మారుస్తారు?"

"చట్టం ఒప్పుకోదయ్యా."

వంశీ నడక ఆపేశాడు. "అయితే మీకు టైటిలే లేదు కదండీ!"

"ఉంటే నువ్వెందుకు? లేదు కాబట్టే కదా ఇన్సూరెన్సు!"

"పోయినవాడికి జీవిత బీమా చెయ్యమన్నట్టుందండీ," అన్నాడు వంశీ నీరసంగా.

తీరా వెళ్తే, నిన్న సాయంత్రం దాకా బీడుగా ఉన్న జాగా అంతా దున్నేసి ఉంది. బుధు వలిసె విత్తనాలు చల్లుతున్నాడు.

"ఏటి బుధూ, నా వంటింట్లో నాగలెట్టేసేవు?"

"అమ్మగారు పోయినోరమొచ్చి బయానా ఎనక్కి అట్టుకెల్లిపోనారు కదా బాబూ. కాయితం సింపేసినారు. మీకు సెప్పలేదేటి?"

కొబ్బరికాయ మళ్ళీ కొట్టుకే చేరింది, అమ్మకానికి.

గంగాభవాని ఉల్లిపాయలు తూస్తోంది. తలెత్తకుండానే అడిగింది. "శంకుస్తాపన బాగా జరిగిందా?"

"నీకెవరు చెప్పారు?"

"మీరే. 'మేస్త్రీ, కిటికీ ఇంకాస్త పెద్దది' అని నిద్దట్లో ఒకటే కలవరింత. బుధు పెళ్ళాన్ని అడిగితే మొత్తం సెప్పింది."

"మరి బయానా ఏది?"

"శృంగవరపుకోటలో జాగా కింద మారిపోయింది. అక్కడ మనలాంటోళ్ళు కొనుక్కోవచ్చు. రిజిస్ట్రేసను కూడా అయిపోయింది."

"నా పేరునేనా?"

"నా పేరున. మీ పేరు గుమ్మం మీద రాయిద్దాం, పెద్దచ్చరాలతో."

వంశీ నవ్వు ఆపుకోలేక సంచి సర్దుకుని జారుకున్నాడు. అప్పుడు గమనించాడు సర్వేశ్వరరావు. భార్య చేతులకి మట్టిగాజులే ఉన్నాయి.

"ఒక్క మాట నన్నడగాలనిపించలేదేటే?"

"మీరడిగేరేటి?" తక్కెడ కింద పెట్టింది. "నాకు మాత్రం ఆ వాలంటే ఇష్టం లేదా? కానీ రేపు బుధు పిల్లలొచ్చి ఇది మా బూమి అంటే, ఆళ్ళ మాట నిజమే కదా. ఎవరెప్పుడు లెగమంటారో అని బయపడతా ఆ ఇంట్లో ఎలా పడుకుంటాం? కంపినీ డబ్బులిస్తాది గానీ, నిద్దరిస్తాదా?"

అతను గునపం మూలకి చేర్చి, తక్కెడ అందుకున్నాడు.

మరుసటేడు శృంగవరపుకోటలో ఇల్లు లేచింది. రోజూ పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కి అరకు వెళ్ళి కొట్టు తెరవడం, సాయంత్రం తిరుగు బండిలో దిగిరావడం. కొత్తింట్లో గాలీ వెలుతురూ దండిగా ఉన్నాయి. పడమటి దిక్కున కొండలు నీలంగా, ఎవరో మడతపెట్టి దాచుకున్న చీరల్లా కనబడేవి. చేతికి మాత్రం అందేవి కావు. కాఫీ తాగుతూ అటే చూసి నిట్టూర్చేవాడు. భార్య వచ్చిందంటే ఉత్తినే దగ్గేవాడు. ఇల్లు కట్టించిన మనిషి ముందు ఇంకో ఇంటి మీద బెంగెలా చూపిస్తాడు?

ఒక ఆదివారం. కొట్టుకి సెలవు. అతను నిద్ర లేచేసరికి గంగాభవాని కొత్త చీర కట్టుకుని, పులిహోర మూట కట్టేస్తోంది.

"బేగి తెమలండి. బండి దాటిపోద్ది."

"ఎక్కడికే?"

"మన జాగాకి."

"మన జాగా ఏటి? నువ్వే ఎనక్కిచ్చేసేవు కదా!"

మూట ముడి బిగిస్తూ తల దించుకుంది గంగాభవాని.

"ఇచ్చేసేను గానీ, మరిసిపోలేదండీ."