ఉప్పుబాట సమాఖ్యలో చేరిక

ఉప్పుబాట పర్యావరణ పరిరక్షణ సమాఖ్యలో ఒక సంఘం చేరినప్పుడల్లా ఉప్పుబాట వంద గజాలు తగ్గిపోతుంది. కొండపైన మొదలై కిందికి తగ్గుతూ వస్తుంది. తగ్గినచోట రాళ్లూ ముళ్లపొదలూ కమ్ముకుంటాయి. నియమావళిలో అయిదో నిబంధన ఇదే కనక ఎవరూ ఆశ్చర్యపోరు. కార్యదర్శి లెటర్‌హెడ్ మీద పాత పొడవు కొట్టేసి కొత్త అంకె వేస్తాడు.

ఒకప్పుడు ఉప్పు బస్తాల ఎడ్లు మన్యానికి ఎక్కిన బాట అది. అయిదు మైళ్లలో ఒక్క మైలు మిగిలిన రోజుల్లో పేరిశెట్టి వామనరావు సభ్యత్వానికి దరఖాస్తు పెట్టాడు. ఆయన రిటైరైన సర్వేయరు. ఆయన నడిపే పక్షిప్రేమికుల సంఘంలో సభ్యులు ఇద్దరు. రెండో సభ్యురాలు భార్యే, ఆవిడకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

దరఖాస్తుకి కొలతపత్రం జతచేయాలి. గొలుసు పట్టుకుని బాట కొలుస్తుంటే, కొండమీది గూడెం నుంచి అల్లం మూటతో సంతకి దిగుతున్న కొర్రా దేవమ్మ ఎదురైంది. ఆమె మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. ఆయన పని విని అడిగింది:

“మీరు సేరితే బాట పెరుగుతాదా బాబూ?”

“తగ్గుతుందమ్మా. వంద గజాలు.”

“మరెందుకు సేరతన్నారు?”

“లోపలికి వెళ్తేనే కదా, తగ్గుతోందని గట్టిగా చెప్పగలం.”

దేవమ్మ మోచెయ్యి తుడుచుకుంది. “అయితే బేగి సెప్పండి,” అంది.

చేరిన రోజు వామనరావు డైరీలో రాసుకున్నాడు: “నడిచింది సున్నా. తిన్నది వంద గజాలు. అరుగుదల బాగానే ఉంది.” తన మీద తనే జోకు వేసుకోగలిగినందుకు కొంచెం గర్వపడ్డాడు కూడా.

మొదటి సమావేశంలోనే అభ్యంతరం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పరిశీలనకి ఉపసంఘం వేసి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఉపసంఘమూ సంఘమే కాబట్టి మరో వంద గజాలు పోయాయి. బాట తగ్గుతున్న మాట నిజమేననీ, ఇంత పెద్ద సమస్యకి మరిన్ని సంఘాలు కలిసిరావాలనీ ఉపసంఘం నివేదిక ఇచ్చింది. కింద సంతకం వామనరావుది. సంఘాలు కలిసివచ్చాయి.

చివరికి వంద గజాలు మిగిలాయి. ఎనభై ఎనిమిదో సంఘాన్ని చేర్చుకోవడానికి సభ బాట మీదే పెట్టారు. సంతకాలకి ముందు ఫోటోకి అందరూ వరసగా నిలబడ్డారు. అప్పుడే పొదలు తోసుకుంటూ దేవమ్మ దిగింది. వామనరావుని గుర్తుపట్టి నవ్వింది.

“సెప్పారా బాబూ?”

“చెప్పానమ్మా. మినిట్స్‌లో రాసుకున్నారు.”

ఆమె అడ్డుగా ఉందని ఫోటోగ్రాఫరు చెయ్యి ఊపాడు.

“కొంచెం పక్కకి జరుగమ్మా, వెనకాల చెట్లు పడాలి,” అన్నాడు వామనరావు. తన గొంతులోని మర్యాద తనకే వినిపించింది. సిగ్గేసింది. బ్యాడ్జీ సరిచేసుకున్నాడు.

దేవమ్మ మూట సర్దుకుని, బాట దిగి, ముళ్లలోకి జరిగి నిలబడింది.

ఫోటో బాగా వచ్చింది.