దీనమ్మ అభ్యంతరం

శనివారం పొద్దున దేవరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. మార్కాపురంలో మొదటి బస్సెక్కి, కొమరోలులో దిగి, చేలగట్ల మీద నడిచి సొంత ఊరు చేరి, చర్చి పాస్టరు ఆశీర్వాదం అయ్యగారి చేత పెళ్ళి సర్టిఫికెట్టు రాయించుకుని, సాయంత్రం బస్సుకి తిరిగి రావాలి. పలకల కార్ఖానాలో చట్రాలు బిగించడం అతని పని. పెళ్ళయిన మనిషి పెళ్ళయిందని కాగితం తెచ్చుకోవడానికి ఒక పూట చాలనుకున్నాడు.

కాగితంతో అవసరం ఇలా పడింది. అతని భార్య మగ్దలీనమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. నర్సు చదువుకి పెళ్ళికాని పిల్లలనే తీసుకునేవారు. చదువు మధ్యలో వేసవి సెలవులకు ఊరొచ్చినప్పుడు మేనమామ కొడుకు దేవరాజుతో ఆమెకు పెళ్ళి చేశారు. తెలిస్తే చదువు పోతుందని ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి దేవరాజు చూడటానికి వెళితే ఆమెకు అన్న. బావను పదిమందిలో "అన్నా" అని పిలవాల్సి వచ్చినప్పుడల్లా మగ్దలీనమ్మకు ముందు దగ్గు వచ్చేది. ఆ దగ్గుకు మేట్రన్ మందు కూడా ఇచ్చింది.

ఇంగ్లండులో నర్సు ఉద్యోగానికి మద్రాసులోని వాళ్ళ ఆఫీసు ద్వారా అర్జీ పెట్టినప్పుడు కూడా ఆమె పాత అలవాటు కొద్దీ పెళ్ళి కాలేదనే రాసింది. ఇప్పుడు అక్కడినుంచి మిస్ మగ్దలీనకు పిలుపు వచ్చింది. మిస్‌కు మొగుడుండడు. ఉండడు కాబట్టి ఆమె వెనక బయలుదేరడానికీ వీల్లేదు.

"తప్పు రాసినానని మద్రాసు ఆఫీసుకి నేనే జాబు రాస్తా బావా," అందామె. "నువ్వు పెండ్లి కాగితం పట్టుకరా, రెండూ కలిపి పంపిస్తాం. లేకుంటే నేను ఆడ, నువ్వు ఈడ. ముసలోనివయ్యేదాకా చట్రాలు కొట్టుకుంటా ఉండు."

ఆశీర్వాదం అయ్యగారు వేపపుల్ల నములుతూ అంతా విన్నాడు.

"కాగితం యాడిదిరా? మీ పెండ్లి నేను రిజిస్టరులో ఎక్కియ్యలేదు. ఎక్కిస్తే ఆసుపత్రికి తెలిసిపోతదని మీ అత్త దీనమ్మే గదా బతిమాలింది."

"ఇప్పుడు ఎక్కియ్యండి అయ్యగారూ."

"పాత తారీకు ఇప్పుడెట్ల ఎక్కిస్తా? పెద్దయ్యగారు చూస్తే నా పని ఊడుతుంది." అయ్యగారు పుల్ల తీసి ఉమ్మాడు. "ఒక పని చెయ్యి. మళ్ళా పెండ్లి చేసుకో."

"ఎవర్ని?"

"నీ పెండ్లాన్నే లేరా. ఇప్పుడు చేసుకుంటివనుకో, అర్జీ పెట్టిన నాటికి ఆ పిల్ల పెండ్లికాని పిల్లే. ఇంక దిద్దేదానికి తప్పు యాడుంది?"

దేవరాజుకు ఇది బ్రహ్మాండంగా తోచింది. తప్పు ఒప్పుకోవడం కంటే తప్పే లేకుండా చేసుకోవడం మర్యాదగా కూడా ఉంది. మగ్దలీనమ్మ వింటే ఒప్పుకోదు కనుక అంతా కుదిరాక చెబుదామనుకున్నాడు. ఆ ఊపులోనే కొమరోలులో తన పాస్‌పోర్టు అర్జీ నింపించి, అందులో తనకు కూడా పెళ్ళి కాలేదని రాయించి, పోస్టులో వేసేశాడు. మొగుడూ పెళ్ళాల అర్జీలు ఒకే మాట మీద ఉండాలి కదా.

చర్చిలో పెళ్ళంటే ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళను చెప్పమనాలి. మొదటి ఆదివారం అయ్యగారు దేవరాజు పేరూ మగ్దలీనమ్మ పేరూ చదవగానే ఆడవాళ్ళ చాపల మీద విసనకర్రలు ఆగిపోయాయి. ఉన్న పెళ్ళాన్నే ఎవరూ మళ్ళీ చేసుకోరు. కాబట్టి ఈ మగ్దలీనమ్మ ఇంకెవరో అని ఊరు తేల్చేసింది.

"పేరు కూడా మార్చలేదు చూడమ్మా."

"పిలిచేదానికి నోరు తిరగాల గదా, అలవాటైన పేరైతే మేలు."

రెండో ఆదివారానికి కొత్త పిల్లది పామూరు అయింది, కట్నంగా బావి కింద చేను కూడా వచ్చింది. ఆ వారం మధ్యలో కబురు గిద్దలూరు వైపు మిరపకాయ కోతకు పోయిన దీనమ్మ చెవిన పడింది. ఆమె కోత అక్కడే వదిలేసి, కొంగులో అన్నం మూటతో నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, మేట్రన్ ముందు కూలబడింది.

"నా కూతురి మొగుడు ఇంకో పెండ్లి చేసుకుంటన్నాడమ్మా."

"మగ్దలీనకు మొగుడెక్కడ? వచ్చేది వాళ్ళన్న కదా."

"అన్నా? వాడు నా అల్లుడు."

తలుపు దగ్గర నిలబడ్డ మగ్దలీనమ్మకు ఈసారి దగ్గు రాలేదు.

మూడో ఆదివారం దేవరాజు క్షవరం చేయించుకుని ముందు చాప మీద కూర్చున్నాడు. బయట జీపు ఆగింది. అందులోంచి దీనమ్మ, మగ్దలీనమ్మ, మేట్రన్, చివర చుట్టుపక్కల చర్చిలన్నిటికీ పైవాడైన పెద్దయ్యగారు దిగి, లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆశీర్వాదం అయ్యగారి గొంతు సగానికి దిగింది.

"ఈ పెండ్లికి ఎవరికన్నా అభ్యంతరం..."

"ఉండాది," అంటూ దీనమ్మ లేచింది. "వానికి పెండ్లయింది. నా కూతురితో అయింది."

"దీనమ్మా, ఇప్పుడు చేసేదీ నీ కూతురితోనే."

"అదెట్ల చేస్తావయ్యా? చేసినావు గదా ఒకసారి. ఈ చర్చిలోనే, నీ చేత్తోనే. కోడి కాళ్ళు రెండూ నీకే వేయించినా."

"డప్పు నేను కొట్టినా," అన్నాడు మోషే వెనకనుంచి.

"వంట నాది," అంటూ సామ్యేలు లేచాడు. "పప్పులో ఉప్పు ఎక్కువైందని అయ్యగారు నలుగురిలో నా పరువు తీసినాడు."

"ఎక్కువే అయింది," అనేశాడు ఆశీర్వాదం. అని, పెద్దయ్యగారి వైపు చూసి నోరు మూసుకున్నాడు.

మగ్దలీనమ్మ దేవరాజు పక్కకు వచ్చి నిలబడింది. "తప్పు రాసింది నేను. ఒప్పుకుంటానని చెప్తినే. నీకెందుకు బావా ఇంత తెలివి?"

"నీ మీద మాట రాకూడదని..."

"వచ్చింది. జీపులో వచ్చింది."

చర్చిలో లేచిన అభ్యంతరాన్ని రాసి, సంతకాలు తీసుకోవడం పద్ధతి. దేవరాజుకు మగ్దలీనమ్మతో ఇదివరకే ఈ చర్చిలో పెళ్ళయినందున మళ్ళీ పెళ్ళి చేయడానికి వీల్లేదని పెద్దయ్యగారు రాశారు. ఊరంతా వేలిముద్రలు వేసింది. ఆశీర్వాదం అయ్యగారు అందరికంటే కింద, అందరికంటే చిన్నగా సంతకం పెట్టాడు. పెళ్ళికి అంతకంటే గట్టి కాగితం ఎక్కడా దొరకదని మగ్దలీనమ్మ దాన్ని తన జాబుకు జతచేసి మద్రాసుకు పంపింది. మేట్రన్ ఆమెను పెద్దగా ఏమీ అనలేదు. ఆ దగ్గు మందు సీసా మాత్రం తిరిగి ఇచ్చెయ్యమంది.

వానలు మొదలయ్యాక జవాబు వచ్చింది. నిజం తానుగా చెప్పుకున్నందుకు తప్పు మన్నించి, పెళ్ళయినట్టు దిద్దుకున్నామనీ, భర్త కూడా అర్జీ పెట్టుకోవచ్చుననీ దాని సారాంశం. దేవరాజు కార్ఖానా అంతటికీ బెల్లం పంచాడు. చేతుల జిడ్డు వదలకముందే పాస్‌పోర్టు ఆఫీసు నుంచి ఇంకో జాబు వచ్చింది. మగ్దలీనమ్మ కాగితాల్లో మొగుడిగా ఉన్న దేవరాజు తన అర్జీలో పెళ్ళి కాలేదని రాసుకున్నాడు కనుక, అయి ఉంటే రుజువు పంపమని అందులో ఉంది. మగ్దలీనమ్మకు మొగుడున్నాడు. ఆ మొగుడికి మాత్రం ఇంకా పెళ్ళి కాలేదు.

రుజువేమో మద్రాసులో ఉండిపోయింది. దేవరాజు మళ్ళీ మొదటి బస్సెక్కాడు.

ఆశీర్వాదం అయ్యగారు ఈసారి వేపపుల్ల నోట్లోంచి తియ్యకుండానే మాట్లాడాడు. "రిజిస్టరు జోలికి మాత్రం నేను పోను. ప్రకటనైతే చదువుతా. మీ అత్తకు కబురు చెయ్యి."

మరుసటి ఆదివారం దీనమ్మ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు వచ్చి, లేవడానికి వీలుగా చాప అంచున కూర్చుంది.