గంపతో కలిపి కొలత

సాగరవరం మండల కార్యాలయంలో మనుషులను కళ్లతో చూడటం ఆపేసి రెండేళ్లయింది. ఫలానా మనిషి ఉన్నట్టు ధ్రువపత్రం కావాలంటే, ఆ మనిషి గోడకు బిగించిన ట్యూబులైటు ముందు నుంచి సమాన వ్యవధిలో మూడుసార్లు నడిచి వెళ్లాలి. నడిచిన ప్రతిసారీ ఎదుటి గోడ మీది మీటరులో వెలుతురు కనీసం వందో వంతు తగ్గాలి. తగ్గితే ఉన్నట్టు. తగ్గకపోతే లేనట్టు.

ఈ పద్ధతిని ఖగోళ శాస్త్రవేత్తల నుంచి తీసుకున్నామని ఉత్తర్వులోనే రాశారు. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహాన్ని వాళ్లు కంటితో చూసిందే లేదు. అది తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు తగ్గే పిసరంత వెలుతురును బట్టే ఉందని తేలుస్తున్నారు. అలా వేల గ్రహాలు ఇప్పటికే జాబితాకెక్కాయి. అంత దూరం నుంచి చూడకుండా పని జరుగుతున్నప్పుడు, నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్లను చూడాల్సిన అవసరమేమిటని పై అధికారులు అడిగారు.

ఎండు చేపలమ్మే చోడిపిల్లి నూకరత్నం అప్పటికి నాలుగుసార్లు వచ్చి వెళ్లింది. కూతురు దేవికకు పట్నం కాలేజీలో ఫిజిక్సు డిగ్రీ సీటొచ్చింది. శుక్రవారంలోగా తల్లి ఉన్నట్టు కాగితం ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. నూకరత్నం బక్కపలచటి మనిషి. వచ్చిన ప్రతిసారీ గంపను గుమ్మం బయట దించి, కొంగు సర్దుకుని, మర్యాదగా లైటు ముందు నుంచి నడిచేది. మీటరు ముల్లు కదిలేది కాదు.

"ఏటి బాబూ, మళ్లీ లేనా నాను?"

సీనియర్ అసిస్టెంటు పట్నాయక్ నిబంధన ప్రకారం ఆమెకు వీపు పెట్టి మీటరునే చూస్తున్నాడు. "లేవమ్మా. నీ సైజు చాలటం లేదు."

"సేపల వాసనొత్తంది గదా?"

"ముక్కు పగిలిపోతోంది."

"మరైతే నానున్నట్టే గదేటి!"

"ఫారంలో వాసనకి గడి లేదు తల్లీ. ఉంటే నేనే ముందు టిక్కు పెట్టేవాణ్ని."

అబద్ధం చెప్పే మనిషి కాదాయన. కుర్చీలోంచి లేచి లైటు ముందు నడిచే తీరిక దొరక్క, లెక్క ప్రకారం రెండేళ్లుగా ఆయన కూడా లేడు.

బయటికొచ్చాక దేవిక తల్లికి విషయం చెప్పింది. "లావు గ్రహాలూ, నక్షత్రాన్ని అంటుకుని తిరిగేవీ అయితే బేగి దొరికేస్తాయమ్మా. సిన్నవీ, దూరంగా ఉన్నవీ ఉన్నా తెలీదు."

"అయితే ఈ ఆఫీసులాగేనన్నమాట," అంది నూకరత్నం.

నిజమే. రొయ్యల చెరువుల వరాహమూర్తి లైటు దాకా వెళ్లనే లేదు. గ్రహం లాగితే నక్షత్రం కాస్త ఊగుతుందని, అది రెండో పద్ధతి అని ఉత్తర్వులో ఉంది. ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే లోపల పెద్ద అధికారి కుర్చీలో అటూ ఇటూ ఊగారు. ఆ ఊపు కొలిచి కాగితం ఇచ్చేశారు. కిందటి నెల మూడు రోజుల పాటు సరిగ్గా పదకొండింటికి వోల్టేజీ పడిపోయింది. వ్యవధి సమానంగా ఉండటంతో ఆ పడిపోవటాన్ని మనిషిగా ధ్రువీకరించి, అప్పలస్వామి అని పేరు పెట్టి, ఇంటి స్థలం ఇచ్చారు. ఇంతవరకూ ఆయన మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

గురువారం నాడు గుమ్మం బయట మూడు పిల్లులు కాపు కాశాయి. గంప దించే వీల్లేక నూకరత్నం దాన్ని నెత్తిన పెట్టుకుని, అలాగే లైటు ముందు నుంచి నడిచింది. ముల్లు గబుక్కున కిందికి దిగింది.

"వచ్చావమ్మా!" పట్నాయక్ మీటరు మీదికి వంగాడు. ఆయన వెనక్కి మాత్రం తిరగలేదు. "ఇంకో రెండుసార్లు. ఇరవై నిమిషాలకోసారి. గంప దించకు."

దేవిక గడియారం చూస్తూ చెప్పింది, తల్లి నడిచింది. మూడోసారి కూడా ముల్లు అంతే దిగింది. పట్నాయక్ ముద్ర వేసి, కాగితం భుజం మీదుగా వెనక్కి చాపాడు.

"ఒక్క మాట. ఇందులో గంపతో కలిపి కొలత పడింది. తనిఖీ ఎప్పుడొస్తుందో మాకూ తెలీదు. ఎప్పుడొచ్చినా ఇంతే ఉండాలి."

"దించకూడదేటి?"

"దించొచ్చు. దించినంత సేపూ ఉండవు, అంతే."

నూకరత్నం కాగితం అందుకుంది. "నెత్తి మీద గంప లేనప్పుడు నన్నెవురు సూసినారు లే బాబూ," అని కాగితం కూతురి చేతికిచ్చింది.

బస్టాపులో బల్ల ఖాళీగా ఉంది. ఎండ నిప్పులు చెరుగుతోంది.

"దించీసి కూసోమ్మా. ఎవరూ సూడట్లేదు."

"సూడరనే గదే," అంది నూకరత్నం. "నీ సదువయ్యీదాకా నానుండాల."

గంప కింద నెత్తి మీది చుట్టకుదురు సర్దుకుని ఆమె బల్ల పక్కనే నిలబడింది. గంప నీడ దేవిక మీద పడింది. ఆ మేరకు వెలుతురు తగ్గింది. దేవిక ఆ నీడలో కూర్చుని, బస్సు వచ్చేదాకా ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది.